పాత డింకీ, కార్గీ బండ్లు: ఏది కొనాలి, పోయిన ముక్కలు ఎలా చేసుకోవాలి

పాత బొమ్మ బండికి పెద్ద మొత్తం పెట్టే ముందు నేను చూసేవి రెండే. లోహం గట్టిగా ఉందా? పైన ఉన్నది ఫ్యాక్టరీ రంగేనా? ఈ రెండూ బాగుంటే టైర్లు లేకపోయినా, డ్రైవరు పోయినా, అద్దం పగిలినా కొంటాను. అవన్నీ చేసుకోవచ్చు. లోహం చెడితే మాత్రం బాగుచేసే దారి లేదు. గీకేసిన పాత రంగు తిరిగి రాదు. నేను పళ్ల ల్యాబులో టెక్నీషియన్ని. కట్టుడు పళ్లకు వాడే సామానుతోనే ఈ ముక్కలూ చేస్తాను కాబట్టి, కింద చెప్పే పద్ధతులు చాలావరకు ఆ పనిలోంచి వచ్చినవే.

నాకు తెలిసిన బండ్లు డింకీ, కార్గీ. డింకీలు లివర్‌పూల్‌లో బిన్స్ రోడ్డు మెకానో ఫ్యాక్టరీలో తయారయ్యేవి. 1934లో ఆ పేరు వచ్చింది, 1979 నవంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. కార్గీని మెట్టాయ్ కంపెనీ 1956లో వేల్స్‌లోని స్వాన్సీలో మొదలుపెట్టింది. కిటికీలకు ప్లాస్టిక్ అద్దాలు పెట్టడం వాళ్ల గొప్ప. చేతిలో డబ్బు తక్కువుంటే నిక్కీ టాయ్స్ వెతకండి. డింకీ పాత డైలు, అంటే లోహం పోసే అచ్చులు, కలకత్తా వచ్చి, వాటితో పోసిన బండ్లు ఆ పేరుతో అమ్ముడయ్యాయి. రంగు పని అంత నున్నగా ఉండదు గానీ, పోత అదే పోత. చెయ్యి తిరగడానికి ఇంతకన్నా మంచివి లేవు.

ముందు లోహం సంగతి. ఈ బండ్లు మజాక్ అనే మిశ్రమంతో పోస్తారు. జింకులో సుమారు 4 శాతం అల్యూమినియం కలుస్తుంది. అందులో రవ్వంత సీసం కలిసినా, ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోపలి రేణువుల అంచుల్లో తుప్పు మొదలై, బండి ఉబ్బి, ఎండిన చెరువు నేలలా బీటలు వేస్తుంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందటి డింకీల్లో ఇది ఎక్కువ. చక్రాలు చూడండి, అవి ముందే పగుళ్లిస్తాయి. తర్వాత బండిని గాజుపలక మీద పెట్టి చూడండి. నడుము వంగినా, నాలుగు చక్రాలూ ఆనకపోయినా అనుమానించాలి. టార్చి లైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే రంగు కింద వెంట్రుకంత గీతలు కనబడతాయి. కనబడితే ఎంత అరుదైన బండి అయినా వదిలేయండి. జిగురు పెట్టినా ఆ తుప్పు ఆగదు.

రంగు దగ్గర ఎక్కువ సేపు ఆగాలి, మోసం జరిగేది అక్కడే. ఆడుకున్న బండికి అంచుల్లో లోహం దాకా దెబ్బలు పడి ఉంటాయి. ఆ గుంట లోపల కూడా రంగు నిండి ఉంటే, దాని మీద తర్వాత ఎవరో రంగు వేశారని అర్థం. అడుగు రేకును పట్టి ఉంచే రివెట్టు చూడండి. డ్రిల్లు తాకిన గీత, స్క్రూ, జిగురు మరక ఏదైనా ఉంటే బండి ఒకసారి విప్పారు. ఇరుసు కొసలు నాలుగూ ఒకే తీరుగా నొక్కి ఉన్నాయా, లేక ఒకటి మేకు తలలా ఉందా చూడండి. డింకీ 514 నంబరు గై వ్యాన్ లాంటి వాటికి ధర వచ్చేదే పక్కన అంటించిన ప్రకటన వల్ల: వీటాబిక్స్, లయన్స్, స్లంబర్‌ల్యాండ్, స్ప్రాట్స్. ఆ అంటింపు కాగితాల నకళ్లు బహిరంగంగానే దొరుకుతాయి కాబట్టి, కొత్త రంగు మీద కొత్త అంటింపు ఉన్న వ్యాన్‌కు అసలు ధర ఇవ్వకండి.

దూరం నుంచి కొనేటప్పుడు అమ్మేవాళ్లను అడుగు భాగం, నాలుగు ఇరుసు కొసలు, రివెట్లు, పైకప్పు లోపలి వైపు ఫోటోలు అడగండి. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. కార్గీ 261 ఆస్టన్ మార్టిన్, 1965లో వచ్చిన జేమ్స్ బాండ్ కారు, అయితే చిన్న వీడియో కూడా అడగాలి. పక్క మీట నొక్కితే పైకప్పు తెరుచుకుని సీటులోని మనిషి ఎగరాలి, ముందు నుంచి తుపాకులు బయటికి రావాలి, పొగగొట్టం నొక్కితే వెనక కవచం లేవాలి. ఎగిరే మనిషి పోయి ఉండటం మామూలే, దానికి బాధపడక్కర్లేదు. స్ప్రింగు విరిగిందంటే మాత్రం కారు విప్పాల్సి వస్తుంది.

ఇంగ్లండు వేలంలో కొంటే పాట ధర మీద వేలం సంస్థ కమీషను, ఆపైన పోస్టేజీ, ఇక్కడ కస్టమ్స్ కలుస్తాయి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. పాట పాడే ముందే ఆ రోజు రేటు చూసుకుని, మొత్తం లెక్క కాగితం మీద వేసుకోండి.

ఇక ముక్కల పని. టైర్లు చేయడానికి కూర్చోకండి, కొనేయండి. క్యాలిపరుతో చక్రం కొలిస్తే చాలు. డింకీ కార్లకు ఎక్కువగా 15 మిల్లీమీటర్లు, పెద్ద లారీలకు 20 సరిపోతాయి. ప్లాస్టిక్ చక్రం ఉన్న బండికి మెత్తటి వినైల్ టైరు వేయకండి. అందులోని నూనెలాంటి మెత్తబరిచే పదార్థం చక్రాన్ని కరిగిస్తుంది. రబ్బరే వేయండి.

చేయాల్సినవి బొమ్మ మనుషులు, స్టీరింగులు, కొక్కేలు. డింకీ 27ఎ మాసీ-హారిస్ ట్రాక్టరు ఎక్కడ చూసినా డ్రైవరు లేకుండానే కనిపిస్తుంది. నేను చేసే పద్ధతి ఇది. తెలిసిన వాళ్ల దగ్గర అసలు డ్రైవర్ని అడిగి తెచ్చుకోండి. డెంటల్ ఇంప్రెషన్ పుట్టీని (పళ్ల అచ్చు తీసే సిలికాను ముద్ద) చేత్తో కలిపి, చిన్న దిమ్మలా చేసి, డ్రైవర్ని పక్కకు పడుకోబెట్టి సగం లోతు వరకు నొక్కండి. లేటెక్స్ గ్లవ్స్ వేసుకుని కలపొద్దు. వాటిలోని గంధకం వల్ల ఈ సిలికాను గట్టిపడదు. నైట్రైల్ వేసుకోండి. అయిదారు నిమిషాల్లో పుట్టీ బిగుస్తుంది. అప్పుడు బ్లేడుతో నాలుగు మూలల్లో గుంటలు కోయండి. రెండు సగాలూ మళ్లీ సరిగ్గా కూర్చోవడానికి అవే ఆధారం. పుట్టీ మీద మాత్రం వేజలీను పల్చగా రాయండి. మరిచిపోతే రెండు సగాలు ఒకటైపోతాయి. ముఖం, చేతుల మీద లైట్ బాడీ (జారుగా ఉండే పల్చటి సిలికాను) సిరంజితో ఎక్కించి, దాని మీద రెండో దిమ్మ పుట్టీ అదమండి.

అచ్చు విడదీసి డ్రైవర్ని తీశాక, పోత దారి కూర్చునే వైపు నుంచి కోయండి. అక్కడ మచ్చ మిగిలినా సీటు కింద దాగిపోతుంది. మోచేతులు, టోపీ అంచు నుంచి గాలి బయటికి పోవడానికి సన్నటి గీతలు కోయాలి. లేదంటే ప్రతిసారీ చేతులు లేని డ్రైవరే వస్తాడు. లోపల టాల్కం పౌడరు చల్లి, ఎక్కువైంది ఊదేయండి. లోహం కోసం 58 పాళ్లు బిస్మత్, 42 పాళ్లు తగరం ఉన్న మిశ్రమం వాడండి. 138 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, సీసం ఉండదు, డెంటల్ సిలికాను ఆ వేడికి తట్టుకుంటుంది. కాస్త పెళుసు, కాబట్టి సన్నటి కొక్కేలకు పనికిరాదు. వాటిని ఇత్తడి తీగతో వంచి చేయడమే మేలు. వంటగిన్నెలు వాడకండి. కళ్లద్దాలు పెట్టుకోండి. కరిగిన లోహంలో నీటిచుక్క పడితే చిమ్ముతుంది, పక్కన నీళ్లు ఉంచుకోవద్దు. మొదటి పోతలు సగమే వస్తాయి, అచ్చు ఇంకా చల్లగా ఉంటుంది కదా. అవి తిరిగి గరిటెలో వేసి కరిగించండి. అచ్చు వేడెక్కాక ముక్కు, చొక్కా మడతలతో సహా డ్రైవరు పూర్తిగా దిగుతాడు. అది చూసినప్పుడు కలిగే సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

పగిలిన అద్దాలకు పళ్ల ల్యాబు మరీ అనువైన చోటు. రిటెయినర్లకు (సరిచేసిన పళ్లు కదలకుండా పెట్టుకునే తొడుగులు) వాడే వ్యాక్యూమ్ మెషీనులో అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు వేడిచేసి, డెంటల్ స్టోనుతో (గట్టి ప్లాస్టరు) చేసిన దిమ్మ మీద లాగితే కారు అద్దం వస్తుంది. దిమ్మను కిటికీ లోపలి కొలతకన్నా కొంచెం చిన్నగా చెక్కండి, షీటు మందం కలవాలి కదా. మీ ఊళ్లో ఏ డెంటల్ ల్యాబునైనా అడిగితే ఖర్చు తీసుకుని చేసిపెడతారు. కానీ అద్దం బిగించాలంటే రివెట్టు తీయాలి. ఫ్యాక్టరీ రివెట్టు చెక్కుచెదరని బండికి నేను ఆ పని చేయను. పగిలిన అద్దంతోనే ఉంచుతాను.

చేసిన ప్రతి ముక్క కింద సూదితో 'కొ' (కొత్తది) అని గీయండి. దానికి మాత్రమే రంగు వేయండి, బండి ఒంటికి బ్రష్షు తగలనివ్వకండి. అంటించేటప్పుడు తర్వాత తీయగలిగే మెత్తటి జిగురే వాడండి. తీసిన పాత టైర్లు, విరిగిన ముక్కలు జిప్ కవరులో వేసి బండితోనే ఉంచండి. అమ్మే రోజు వస్తే ఆ కవరు, ఏ ముక్క ఎప్పుడు చేశారో రాసిన చీటీ కొనేవాళ్ల చేతికివ్వండి.

బీరువాలో పెడితే కలరా ఉండలు వేయకండి, వాటి ఆవిరికి ప్లాస్టిక్ అద్దాలు, చక్రాలు మెత్తబడతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉంటే సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టి, వానాకాలంలో మార్చుతుండండి.