మహమ్మారి వేళ ఇంటికి చేరే ఆరోగ్య సమాచారం: నమ్మే ముందు చేయవలసిన పనులు

2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో రెండు కుటుంబాలకు చెందిన సుమారు పదిమంది ఉమ్మెత్త గింజలు కలిపిన నీళ్లు తాగి ఆసుపత్రి పాలయ్యారు. ఒళ్లంతా ముళ్లతో గుండ్రంగా ఉండే ఉమ్మెత్త కాయ కరోనా వైరస్ బొమ్మను పోలి ఉంటుంది కనుక అదే ఆ జబ్బుకు విరుగుడని టిక్‌టాక్‌లో వచ్చిన ఒక వీడియో వారిని నమ్మించింది. ఉమ్మెత్త విషమని పల్లెల్లో తెలియనివారు అరుదు. అయినా తాగారంటే, మందు లేని జబ్బు ఊళ్లోకి వచ్చినప్పుడు ఇంటివారిని కాపాడుకోవడానికి ఏదో ఒకటి చేయాలన్న ఆత్రం ఎంత బలమైనదో అర్థం చేసుకోవాలి. ఆ ఆత్రం మొదలయ్యాక ఆలోచించి తూచి చూడడం కష్టం. అందువల్ల సమాచారం ఎక్కడ వెతకాలి, ఎలా పరీక్షించాలి అన్న విషయాన్ని కుటుంబమంతా కలిసి ముందుగానే తేల్చుకోవడం మంచిది. కోవిడ్ కాలంలో మన రెండు రాష్ట్రాల్లో జరిగిన సంగతులను ఆధారం చేసుకుని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఎవరిని ఏమడగాలి

అన్ని ప్రశ్నలకూ జవాబు ఒకే చోట దొరకదు. జబ్బు ఎలా సోకుతుంది, ఇంట్లో ఉండి కోలుకునేవారు ఏ జాగ్రత్తలు పాటించాలి, టీకా రెండు డోసుల మధ్య ఎంత ఎడం ఉండాలి వంటి విషయాలకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) విడుదల చేసే మార్గదర్శకాలు చూడాలి. ఊరంతా తిరిగే వదంతుల సంగతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని ఖండించిన పేజీ ఉపయోగపడుతుంది. కేంద్ర ప్రభుత్వ పథకాల పేరుతోనో ఆదేశాల పేరుతోనో వచ్చే సందేశాలను కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీలోని ఫ్యాక్ట్ చెక్ విభాగం పరిశీలిస్తుంది. హైదరాబాదు నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు ఈ పరిశీలనను తెలుగులోనే అందిస్తాయి కనుక ఇంట్లో పెద్దవారికి చూపించడం సులువు. జిల్లాలో కేసులెన్ని అన్న దానికి రాష్ట్ర ఆరోగ్య శాఖ బులెటిన్ ఉంటుంది. మీ ఊళ్లో పరీక్ష ఎప్పుడు చేస్తారు, టీకా ఏ కేంద్రంలో వేస్తారు అన్న దానికి మాత్రం ఏ వెబ్‌సైటుకన్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఏఎన్‌ఎం, మీ వీధికి వచ్చే ఆశా కార్యకర్త చెప్పే మాటే సరైనది. కోవిడ్ సమయంలో రెండు రాష్ట్రాల్లోనూ 104, దేశమంతటికీ 1075 సహాయ నంబర్లుగా పనిచేశాయి.

వీటిలో ఏదీ మీ వైద్యునికి ప్రత్యామ్నాయం కాదు. మీ నాన్నగారికి మూత్రపిండాల జబ్బు ఉందని, మీ అత్తగారు రక్తం పలుచబడడానికి మాత్రలు వేసుకుంటున్నారని ఏ మార్గదర్శకానికీ తెలియదు. పల్లెల్లో అర్ధరాత్రి పిలిచినా వచ్చేది చాలాచోట్ల ఆర్‌ఎంపీయే. ఆ సాయాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. కానీ ఆయన ఏ సూది వేస్తున్నారో, ఏ మాత్ర ఇస్తున్నారో పేరు కాగితం మీద రాయించుకోండి. ఆ పేరును ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరుకు ఫోనులో చదివి వినిపించండి.

సందేశం పంపినవారు వేరు, రాసినవారు వేరు

మన ఇళ్లలో తప్పుడు సమాచారం అపరిచితుల నుంచి వచ్చేది తక్కువ. మేనమామ పంపుతారు, స్కూలు స్నేహితురాలు పంపుతుంది, అపార్ట్‌మెంటు గ్రూపులో పక్కింటివారు పెడతారు. వారి మీద మనకున్న నమ్మకం, మనకు తెలియకుండానే, ఆ సందేశం మీదికి వెళుతుంది. కాబట్టి మొదటి పని ఈ రెండింటినీ విడదీయడం. మామయ్య మంచివారే, మన మేలు కోరే పంపారు, అయితే ఈ మాట మొదట ఎవరన్నారు? వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే ఆ సందేశం కనీసం అయిదు చేతులు మారి వచ్చిందని అర్థం. అటువంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా ఆ సంస్థ 2020 ఏప్రిల్‌లో పరిమితి పెట్టింది. ఆ గుర్తు కనబడినప్పుడల్లా ఆగి, మూలం వెతకడం అలవాటు చేసుకోవాలి.

మూలం వెతకడమంటే సందేశంలో ఉన్న పేరును నమ్మడం అనుకోకూడదు. 2020 మార్చిలో రెండు సందేశాలు ప్రపంచమంతా తిరిగి మన భాషలోకీ వచ్చాయి. పది సెకన్లు దగ్గు రాకుండా ఊపిరి బిగబట్టగలిగితే కరోనా లేనట్లేనని చెప్పినదానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పేరు తగిలించారు. వైరస్ బరువైనదని, 26, 27 డిగ్రీల వేడికే చనిపోతుందని చెప్పినదానికి యూనిసెఫ్ పేరు పెట్టారు. రెండు సంస్థలూ అవి తమవి కావని ప్రకటించాయి. మార్చి దాటితే మన ఎండలకు వైరస్ నిలవదని ఆనాడు ఎంతమంది నిశ్చింతగా ఉన్నారో గుర్తు చేసుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. సందేశంలో ఏ సంస్థ పేరుంటే ఆ సంస్థ సొంత వెబ్‌సైటుకు నేరుగా వెళ్లి అదే మాట ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ పేరు అరువు తెచ్చుకున్నదే. డాక్టరు పేరుంటే ఆయన ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో, ఏ విభాగంలో పనిచేస్తున్నారో కూడా ఉండాలి. ఎముకల వైద్యుడు ఊపిరితిత్తుల గురించి చెప్పకూడదని కాదు, కానీ ఆ మాటకు మరో సాక్ష్యం కావాలి.

తేదీ చూడకుండా ఏదీ పాటించవద్దు

ఒకనాడు నిజమైన సలహా ఆరు నెలల తరువాత తప్పు కావచ్చు. కోవిషీల్డ్ టీకా సంగతి చూడండి. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు రెండు డోసుల మధ్య 4 నుంచి 6 వారాల ఎడం చెప్పారు. మార్చిలో 6 నుంచి 8 వారాలైతే మంచిదన్నారు. మే 13న దాన్ని 12 నుంచి 16 వారాలకు పెంచారు. చదువుకోసం విదేశాలకు వెళ్లేవారికి మాత్రం 28 రోజుల తరువాత వేయించుకునే వీలును జూన్‌లో కల్పించారు. అమెరికా వెళ్లవలసిన విద్యార్థీ, ఊళ్లో ఉన్న వాళ్ల అమ్మగారూ ఒకే టీకా వేయించుకున్నా వారికి వర్తించే నియమం వేరయింది. గర్భిణులకు టీకా అనుమతి 2021 జూలై 2న వచ్చింది. అంతకుముందు తీసిన వీడియోలో గర్భిణులు వేయించుకోరాదని చెప్పిన డాక్టరు అబద్ధమాడలేదు, కానీ ఆ వీడియోను ఆగస్టులో చూసిన కోడలు నష్టపోయింది.

కాబట్టి ఏ సూచన చదివినా, అది ఏ రోజున ఇచ్చినది, ఏ వయసువారికి ఇచ్చినది, ఏ దేశానికి ఇచ్చినది అన్న మూడు విషయాలు చూడాలి. విదేశాల్లో ఉన్న మన పిల్లలు అక్కడి సూచనలను ప్రేమతో పంపుతారు. అక్కడ వేసిన టీకాలు వేరు, డోసుల ఎడం వేరు. వాటిని తెలుసుకోవడం మంచిదే గానీ ఇక్కడి మార్గదర్శకాలతో సరిచూడకుండా పాటించడం తగదు.

మందుల మాట వచ్చినప్పుడు

ఈ ఒక్క విషయంలో ఎంత జాగ్రత్త పడినా ఎక్కువ కాదని నా నమ్మకం. ఎందుకంటే ఇక్కడ పూర్తి అబద్ధంకన్నా సగం నిజం ఎక్కువ హాని చేసింది. 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ అధ్యయనం డెక్సామెథసోన్ అనే చౌకైన స్టెరాయిడ్ గురించి గొప్ప ఫలితాన్ని ప్రకటించింది. వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్లో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో అయిదో వంతు తగ్గాయి. అదే ప్రకటనలో, ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు కనబడలేదని కూడా చెప్పారు. ఈ రెండో వాక్యం మన ఇళ్ల దాకా రాలేదు. రెండో ఉధృతిలో జ్వరం వచ్చిన రోజే స్టెరాయిడ్ మొదలుపెట్టమనే మందుల చీటీలు ఫొటోలుగా చేతులు మారాయి. మాకు తెలిసిన కుటుంబాల్లోనూ ఒకరి చీటీతో ఇంకొకరు మందులు కొన్నారు. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణచుతుంది, రక్తంలో చక్కెరను పెంచుతుంది. షుగరు జబ్బు ఉన్నవారికి ఆ రెండూ కలిస్తే మ్యూకర్ అనే బూజుకు, అంటే బ్లాక్ ఫంగస్‌కు, దారి దొరుకుతుంది. 2021 మేలో బ్లాక్ ఫంగస్ రోగులతో హైదరాబాదు కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రి ఎలా నిండిపోయిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అందువల్ల ఏ మందు గురించి విన్నా, ఎవరికి, జబ్బు ఏ దశలో, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు అని అడగండి. ఈ నాలుగింటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ సమాచారం ఇంట్లో వాడదగినది కాదు. మరొకరి చీటీ మీదైతే అసలే కాదు. కోలుకున్నవారి రక్తం నుంచి తీసే ప్లాస్మా కోసం రాత్రింబవళ్లు దాతలను వెతికిన కుటుంబాలున్నాయి. ఉపయోగం కనబడనందున 2021 మే 17న దాన్ని చికిత్సా మార్గదర్శకాల నుంచి తొలగించారు.

ఇంటి వైద్యాల విషయంలో రెండు ప్రశ్నలను కలిపేయకూడదు. హాని లేదనడం ఒకటి, జబ్బు తగ్గిస్తుందనడం మరొకటి. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటు మందు కోసం వేలమంది గుమిగూడారు. మే 31న ప్రభుత్వం దాని పంపిణీకి అనుమతించినప్పుడు కంటిలో వేసే చుక్కలను మినహాయించింది. మందువల్ల హాని లేదన్న నివేదికను చాలామంది అది పనిచేస్తుందన్న ధ్రువపత్రంగా తీసుకున్నారు. కర్పూరం, వాము, లవంగాల మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న మాట అంతకన్నా ప్రమాదకరం. మూట వాసన చూస్తూ గడిపిన గంటలు ఆసుపత్రికి వెళ్లవలసిన గంటలు. పైగా కర్పూరం కడుపులోకి వెళితే చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. అల్లం కషాయం, పసుపు పాలు గొంతుకు హాయినిస్తే తప్పక తాగండి. వాటి కోసం డాక్టరు రాసిన మాత్ర మానవద్దు, ఆలస్యం చేయవద్దు.

పెద్ద సంస్థలు పొరబడినప్పుడు

పొరబడతాయి. ఈ జబ్బు గాలి ద్వారా వ్యాపించదని 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా ప్రకటించింది, తరువాత ఆ వైఖరిని మార్చుకుంది. మలేరియా మందైన హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్ 2020 మే 22న ప్రచురించిన పత్రాన్ని, దాని గణాంకాలను ఎవరూ సరిచూడలేని స్థితి ఏర్పడడంతో, జూన్ 4న ఉపసంహరించారు. ఇవి చూపించి ఇక ఎవరినీ నమ్మనక్కరలేదనేవారుంటారు. నేను అందుకు ఒప్పుకోను. తప్పు దిద్దుకుని, దిద్దుకున్న తేదీతో సహా బయటపెట్టే సంస్థను మళ్లీ అడగవచ్చు. ఉమ్మెత్త వీడియోను దిద్దవలసిన బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు. ఒక కొత్త అధ్యయనం గురించి వార్త వస్తే, ఇతర శాస్త్రవేత్తలు పరిశీలించాక అచ్చయినదా లేక అంతకుముందే బయటపెట్టిన ముసాయిదానా అన్నది ఆ వార్తలోనే వెతకండి. ముసాయిదా అయితే దాని మీద ఆధారపడి ఇంట్లో ఏ మార్పూ చేయవద్దు.

ఇంట్లో పెద్దలతో

తాతయ్య పంపిన సందేశం తప్పని బంధువుల గ్రూపులో అందరి ముందూ చెబితే ఆయన నొచ్చుకుంటారు, తరువాత పంపేవి మీకు కనబడకుండా పంపుతారు. ఫోను చేయండి. ఆయన భయమేమిటో ముందు వినండి. ఆ తరువాత తెలుగులో ఉన్న సరైన సమాచారాన్ని ఆయనకే పంపి, గ్రూపులో మీరే పెట్టండి తాతయ్యా అని అడగండి. ఇంట్లో ఒకరిని, అక్క కావచ్చు, చిన్నాన్న కావచ్చు, రోజుకొకసారి బులెటిన్లు చదివి మిగిలినవారికి చెప్పే పనికి ఒప్పించండి. పడుకోబోయే ముందు ఎవరూ వార్తలు చూడకుండా ఉంటే ఇంకా మంచిది.

కొన్ని లక్షణాలకు మాత్రం వెతకడం, సరిచూడడం ఏదీ వద్దు. ఊపిరి ఆడకపోవడం, గుండెలో నొప్పి లేదా బరువు, మాట తడబడడం, మనుషులను గుర్తుపట్టలేకపోవడం, పెదవులు నీలం తిరగడం కనబడితే వెంటనే 108కి ఫోను చేయాలి. కోవిడ్ హోం ఐసొలేషన్ మార్గదర్శకాల్లో రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గితే వైద్య సహాయం తీసుకోవాలని చెప్పారు. పల్స్ ఆక్సీమీటర్ పెట్టే ముందు గోరింటాకు, గోళ్ల రంగు లేని వేలిని ఎంచుకుని, చేయి కాసేపు కదలకుండా ఉంచి, అంకె నిలకడగా వచ్చాక రాసుకోండి.

ఇవన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించి ఫ్రిజ్ మీద అంటించండి. 108, 104, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, మీ డాక్టరు నంబర్లు పైన ఉండాలి. కింద ఇంట్లో ఒక్కొక్కరికీ ఉన్న జబ్బులు, రోజూ వేసుకునే మాత్రల పేర్లు, పడని మందులు, టీకా వేయించుకున్న తేదీలు రాయండి. మూలన కాగితం రాసిన తేదీ వేసి, నెలకొకసారి సరిచూసి కొత్త తేదీ వేయండి.