క్లాసులో చేరకుండానే ఏపీ పరీక్ష రాయడం ఎలా?

అమెరికా హైస్కూళ్లలో కాలేజీ స్థాయిలో ఉండే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులుంటాయి. అందరూ ఏపీ అనే అంటారు. కోర్సు తీసుకున్నవాళ్లే పరీక్ష రాయాలన్న నిబంధన లేదు. పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు క్లాసు తీసుకుంటే మంచిదని చెబుతుంది, తప్పనిసరి అని మాత్రం చెప్పదు. మీ స్కూల్లో ఆ కోర్సు లేకపోయినా, టైమ్‌టేబుల్లో కుదరకపోయినా, ఇంట్లోనే చదువుకుంటున్నా, హైదరాబాద్‌లో ఇంటర్ చదువుతూ అమెరికా కాలేజీలకు అప్లై చేయాలనుకుంటున్నా సొంతంగా చదివి మే నెలలో పరీక్షకు కూర్చోవచ్చు. స్కోరు 1 నుంచి 5 వరకు ఇస్తారు. 3 వస్తే అర్హత సాధించినట్టు.

సొంతంగా చదివేవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా సబ్జెక్టు అర్థంకాక కాదు, రాసిన జవాబును దిద్దేవాళ్లు లేక. క్లాసులో టీచరు చేసే ఆ పని మీరే చేసుకోవాలి. ఈ వ్యాసంలో ముఖ్య భాగం దాని గురించే.

ముందు: ఎందుకు రాస్తున్నారు?

సొంతంగా రాసిన ఏపీ మీ స్కూల్ ట్రాన్స్‌క్రిప్టులో (కోర్సులు, మార్కుల రికార్డులో) కోర్సుగా కనిపించదు. వెయిటెడ్ జీపీఏ (కష్టమైన కోర్సులకు ఎక్కువ విలువ ఇచ్చి లెక్కించే సగటు గ్రేడు) పెరగదు. కాలేజీలో క్రెడిట్ (ఆ కోర్సు పూర్తిచేసినట్టు గుర్తింపు) రావడమో, మొదటి కోర్సు దాటి పైకోర్సులో చేరడమో దీనివల్ల కలిగే లాభం. అది కూడా కాలేజీని బట్టి మారుతుంది. చాలా ప్రభుత్వ యూనివర్సిటీలు 3కే క్రెడిట్ ఇస్తాయి. ఎంఐటీ అయితే క్యాలిక్యులస్ బీసీలో (ఏపీలో ఏబీ, బీసీ అని రెండు క్యాలిక్యులస్ పరీక్షలున్నాయి, బీసీ సిలబస్ పెద్దది) 5 ఉంటేనే మొదటి క్యాలిక్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది. కాలేజ్ బోర్డు వెబ్‌సైటులో ఏ కాలేజీ ఏ స్కోరుకు ఏమిస్తుందో వెతుక్కునే పేజీ ఉంది. సబ్జెక్టు ఎంచుకోకముందే అది చూడండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరి పిల్లలు ఎన్ని ఏపీలు రాశారన్నది పోటీగా మారింది. లెక్క పెంచడానికి ఇష్టంలేని సబ్జెక్టు పిల్లల చేత సొంతంగా చదివించకండి. టీచరు లేని చదువుకు ఇష్టం ఒక్కటే ఆధారం. అది లేకపోతే జనవరికల్లా పుస్తకం మూలన పడుతుంది, స్కూల్ మార్కులు కూడా తగ్గుతాయి.

పరీక్ష రాయడానికి చోటు చూసుకోండి, అదీ సెప్టెంబరులోనే

చాలామంది తప్పిపోయేది ఇక్కడే. ఈ పరీక్షకు ఆన్‌లైన్లో ఎవరికి వారు ఫీజు కట్టేసి కూర్చోవడం కుదరదు. ఏదో ఒక స్కూలు మీ పేరు మీద ప్రశ్నపత్రం ఆర్డరు చేయాలి. ఆ గడువు సాధారణంగా నవంబరు మధ్యలో ఉంటుంది. స్కూళ్లు తమ సొంత గడువును అంతకన్నా ముందే పెట్టుకుంటాయి. గడువు దాటితే అదనపు రుసుము, ఒక్కోసారి అసలు చోటే ఉండదు.

మీ స్కూల్లో ఏపీ కోఆర్డినేటర్ అనే వ్యక్తి ఉంటారు, చాలాచోట్ల కౌన్సెలర్లలో ఒకరే ఆ పని చూస్తారు. స్కూలు తెరిచిన మొదటి వారాల్లోనే వెళ్లి, "కోర్సు తీసుకోవడం లేదు, పరీక్ష మాత్రమే రాస్తాను" అని చెప్పండి. ఒప్పుకుంటే పరీక్షకు మాత్రమే ఉద్దేశించిన సెక్షన్ జాయిన్ కోడ్ ఇస్తారు. దాన్ని కాలేజ్ బోర్డు సైటులోని మీ మై ఏపీ అకౌంట్లో వేస్తే నమోదు మొదలవుతుంది. తమ దగ్గర నడవని కోర్సుకు పరీక్ష పెట్టబోమని కొన్ని స్కూళ్లు అంటాయి. అప్పుడు చుట్టుపక్కల స్కూళ్లకు ఫోన్ చేయాలి. బయటి పిల్లలను తీసుకోవాలని ఏ స్కూలుకూ నిర్బంధం లేదు కాబట్టి ఒకచోట కాదంటే ఇంకోచోట అడగండి. ఏ స్కూల్లో ఏ కోర్సులు నడుస్తున్నాయో ఏపీ కోర్స్ లెడ్జర్ అనే ఆన్‌లైన్ జాబితాలో ఉచితంగా చూడవచ్చు.

భారత్‌లో ఉన్నవాళ్లు కాలేజ్ బోర్డు అనుమతి ఉన్న ఇంటర్నేషనల్ స్కూళ్లను, పరీక్షా కేంద్రాలను సంప్రదించాలి. మీకు కావలసిన సబ్జెక్టును ఆ కేంద్రం పెడుతుందా, ఏ గుర్తింపు కార్డు అడుగుతారు అన్నవి డబ్బు కట్టకముందే కనుక్కోండి. 2025లో ఒక్కో పరీక్ష ఫీజు అమెరికా, కెనడాల్లో 99 డాలర్లు, బయట 129 డాలర్లు. కేంద్రాలు దానిపై తమ రుసుము వేసుకోవచ్చు. ఆదాయం తక్కువున్న అమెరికా కుటుంబాలకు ఫీజు రాయితీ ఉంది, కౌన్సెలరును మొహమాటపడకుండా అడగండి.

ఏ సబ్జెక్టు?

మొదటిసారైతే ఒక్కటే తీసుకోండి. సైకాలజీ, హ్యూమన్ జాగ్రఫీ, మైక్రోఎకనామిక్స్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ సొంత చదువుకు అనువైనవి. జావా వచ్చినవాళ్లకు కంప్యూటర్ సైన్స్ ఏ (A). సెమినార్, రీసెర్చ్ అనే ఏపీ కోర్సులను క్లాసు లేకుండా రాయడం కుదరదు. కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్‌లో పరీక్షతో పాటు ప్రోగ్రామింగ్ ప్రాజెక్టుకు 30 శాతం ఉంటుంది కాబట్టి స్కూలు సాయం కావాలి. కెమిస్ట్రీ, బయాలజీ కుదురుతాయి గానీ ప్రయోగం ఎలా రూపొందిస్తారని అడిగే ప్రశ్నలు ల్యాబులో చేయి పెట్టనివాళ్లకు కష్టం. ఫిజిక్స్ 1లో క్యాలిక్యులస్ లేదు కదా, తేలికని అనుకోవద్దు. లెక్క చేయడం కన్నా కారణాన్ని మాటల్లో వివరించడమే అందులో ఎక్కువ. తెలుగు ఉందా అని అడిగేవాళ్లున్నారు. ప్రస్తుతం ఏపీ భాషా పరీక్షల్లో తెలుగు లేదు.

ఎంపీసీ చదివే పిల్లలకు క్యాలిక్యులస్ బీసీ దగ్గరి దారి. లిమిట్లు, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ ఇంటర్‌లోనే అయిపోతాయి. కొత్తగా నేర్చుకోవలసింది ప్రధానంగా ఇన్ఫినిట్ సిరీస్. బీసీలో ఆ ఒక్క యూనిట్‌కే 17-18 శాతం ఉంటుంది. స్లోప్ ఫీల్డులు, ఆయిలర్ పద్ధతి కూడా చూసుకోవాలి. కాకపోతే మార్చి ఇంటర్ పరీక్షలు, ఏప్రిల్ జేఈఈ మెయిన్, మేలో జేఈఈ అడ్వాన్స్‌డ్ మధ్య ఈ పరీక్ష ఇరుక్కుంటుంది. సిరీస్‌ను దసరా సెలవుల్లోనే ముగించగలిగితేనే దీనికి దిగండి.

సిలబస్ పత్రమే మీ టీచరు

ప్రతి సబ్జెక్టుకూ కోర్స్ అండ్ ఎగ్జామ్ డిస్క్రిప్షన్ అనే పత్రాన్ని కాలేజ్ బోర్డు ఉచితంగా పెడుతుంది. ప్రింట్ తీసుకోండి. ఏ యూనిట్‌కు ఎంత శాతమో అందులో ఉంటుంది. మైక్రోఎకనామిక్స్‌లో ఆరు యూనిట్లున్నా సప్లై-డిమాండ్‌కు 20-25 శాతం, ఉత్పత్తి ఖర్చులు, పర్ఫెక్ట్ కాంపిటీషన్ ఉన్న మూడో యూనిట్‌కు 22-25 శాతం. వారాలను ఆ శాతాల ప్రకారమే పంచుకోండి. ఫిబ్రవరి చివరికి సిలబస్ అయిపోవాలి, మార్చి, ఏప్రిల్ పూర్తిగా రాతకే.

చదవడానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఓపెన్‌స్టాక్స్ పాఠ్యపుస్తకాలు, ఖాన్ అకాడమీ పాఠాలు ఉచితం. ఒక పుస్తకం, ఒక వీడియో సిరీస్ చాలు. అయిదు పుస్తకాలు ముందేసుకుంటే ఏదీ పూర్తికాదు.

రాయండి, దిద్దుకోండి

గడచిన సంవత్సరాల ఫ్రీ రెస్పాన్స్ (ఆప్షన్లు లేకుండా జవాబు రాయాల్సిన) ప్రశ్నలు, వాటికి మార్కులు వేసే పద్ధతి, నిజంగా పిల్లలు రాసిన జవాబుల నమూనాలు కాలేజ్ బోర్డు వారి ఏపీ సెంట్రల్ సైటులో ఉంటాయి. ఇంతకు మించిన కోచింగ్ మెటీరియల్ లేదని నా గట్టి నమ్మకం.

క్యాలిక్యులస్‌లో ఆరు ప్రశ్నలు, ఒక్కోటి 9 పాయింట్లు, ఒక్కోదానికి సగటున 15 నిమిషాలు. టైమర్ పెట్టి, కాగితం మీద పెన్నుతో ఒక ప్రశ్న రాయండి. తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని మార్కింగ్ పత్రం పక్కన పెట్టుకుని దిద్దండి. "నాకు తెలుసు, రాయలేదంతే" అనుకున్న ప్రతిచోటా సున్నా వేయండి. పరీక్షలో దిద్దేవారికి మీ మనసులోది కనిపించదు.

జవాబు సరిగ్గా వచ్చినా పాయింటు పోయేది ఎక్కడో అప్పుడే తెలుస్తుంది. ఒక ఫంక్షన్‌కు ఎక్స్ విలువ 2 అయినచోట లోకల్ మాగ్జిమమ్ ఉందని చెప్పమన్నారనుకోండి. ప్లస్, మైనస్ గుర్తులతో పట్టిక గీసి వదిలేస్తే కారణం చెప్పినట్టు కాదు. "అక్కడ డెరివేటివ్ పాజిటివ్ నుంచి నెగటివ్‌కు మారుతోంది కాబట్టి" అని వాక్యంగా రాయాలి. ఇంటర్మీడియట్ వాల్యూ థీరమ్ వాడితే ఫంక్షన్ కంటిన్యువస్ అని ముందు రాయాలి. డిఫరెన్షియల్ ఈక్వేషన్‌లో వేరియబుల్స్ విడదీయకుండా మొదలుపెడితే ఆ భాగంలో ఏమీ రాదు. మరోపక్క, అంకెలతో వచ్చిన జవాబును సింప్లిఫై చేయనక్కర్లేదు, డెసిమల్ అయితే మూడు స్థానాలు చాలు. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచడానికి అలవాటుపడ్డ మన పిల్లలు లెక్కలో గట్టివాళ్లే, ఈ కారణం రాసే దగ్గరే పాయింట్లు పోగొట్టుకుంటారు. ఇరవై ప్రశ్నలు దిద్దుకునేసరికి ఆ అలవాటు మారుతుంది.

మైక్రోఎకనామిక్స్‌లో ఇదే పని గ్రాఫులతో చేయాలి. మోనొపొలీ బొమ్మలో రెండు అక్షాలకూ పేర్లు, డిమాండ్ గీత కింద మార్జినల్ రెవెన్యూ గీత, అది మార్జినల్ కాస్ట్‌ను కలిసినచోట పరిమాణం, అక్కడి నుంచి పైకి డిమాండ్ గీత దాకా వెళ్లి ధర. పేర్లు రాయని గీతకు పాయింటు లేదు. చూడకుండా గీయగలిగే వరకు ప్రతి బొమ్మనూ తెల్లకాగితం మీద గీయండి.

వ్యాసాలుండే చరిత్ర, ఇంగ్లిష్ పరీక్షలైతే సొంతంగా దిద్దుకోవడం చాలదు. నెలకు రెండు వ్యాసాలు చదివి పెట్టమని మీ స్కూల్ టీచరునో, ఆ పరీక్ష రాసిన సీనియర్ అక్కనో, అన్ననో బతిమాలుకోండి.

ఏప్రిల్, మే

2025 నుంచి చాలా ఏపీ పరీక్షలు కాలేజ్ బోర్డు పరీక్ష యాప్ అయిన బ్లూబుక్‌లోకి వచ్చాయి. చరిత్ర, సైకాలజీ వంటివి పూర్తిగా కంప్యూటర్ మీదే. క్యాలిక్యులస్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో ప్రశ్నలు తెరమీద కనిపిస్తాయి, ఫ్రీ రెస్పాన్స్ జవాబులు మాత్రం కాగితం బుక్‌లెట్‌లో చేత్తో రాయాలి. బ్లూబుక్‌లోని నమూనా పరీక్ష ముందే చేసి చూడండి. ఏప్రిల్లో కనీసం రెండు పూర్తి పరీక్షలు, ఒక్కోటి మధ్యలో లేవకుండా ఒకే సిట్టింగ్‌లో రాయండి. క్యాలిక్యులస్ అయితే 3 గంటల 15 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కు తీసేయరు కాబట్టి ఏ బిట్టునూ ఖాళీగా వదలొద్దు.

జూలై తర్వాత

స్కోర్లు జూలైలో వస్తాయి. బీసీ రాసినవాళ్లకు ఏబీ సబ్‌స్కోరు కూడా విడిగా ఇస్తారు. బీసీ స్కోరు సరిపోకపోయినా కొన్ని కాలేజీలు ఆ సబ్‌స్కోరుకు క్రెడిట్ ఇస్తాయి. క్రెడిట్ వచ్చింది కదా అని కాలేజీలో నేరుగా పైకోర్సుకు వెళ్లే ముందు, మీరు దాటేయబోతున్న కోర్సు పాత ఫైనల్ పరీక్ష ఒకటి ఆ డిపార్ట్‌మెంట్ నుంచి సంపాదించి ఇంట్లో రాసి చూడండి. సులువుగా వస్తే ముందుకెళ్లండి. తడబడితే ఆ కోర్సు మళ్లీ తీసుకోవడానికి సందేహించకండి.