రేవు రుసుం: లెక్క వేసేదెలా, పెంచేదెలా

గంజాం తీరపు పల్లెల్లో మత్స్యకారుల సంఘం పెంచగలిగింది రేవు రుసుం ఒక్కటే, అంటే రేవులో దింపి అమ్మిన చేపల ధరలో సంఘం తీసుకునే శాతం. పడవ లైసెన్సు ఫీజు 1982 నాటి ఒడిశా సముద్ర చేపల వేట చట్టం కిందది, దాన్ని సర్కారే మార్చాలి. రెండూ ఒకే రసీదులో కలపకండి, తర్వాత ఏది దేనికో తేలదు.

ముందు ఏడాది ఖర్చు రాయండి: కాపలా, దీపాలు, వేలం షెడ్డు మరమ్మతు, నీళ్లు, లెక్కలు రాసేవాళ్ల జీతం. మాటవరసకు 3,60,000 రూపాయలు అనుకుందాం. దీన్ని ఏ ఏటి అమ్మకంతో పోల్చారన్న దగ్గరే చాలా సంఘాలు దెబ్బతింటాయి. 1,80,00,000 అమ్మిన మంచి ఏడాదిని చూసి 2 శాతం చాలనుకున్నారా, వేట తగ్గి 1,20,00,000 దగ్గర ఆగిన ఏడాది 2,40,000 మాత్రమే చేతికొస్తుంది. లోటు 1,20,000. కాబట్టి గడిచిన అయిదేళ్లలో అన్నిటికన్నా తక్కువ అమ్మకమే పట్టుకోండి. అప్పుడు 3 శాతం అవుతుంది. మంచి ఏడాది మిగిలింది షెడ్డు కప్పు కోసం విడి ఖాతాలో వేయండి.

పడవకు నెలకింత అని మాత్రం పెట్టొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పెద్ద ఇంజను పడవలకు వేట బందు. రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపల ఆంక్షలు. పడవ ఇసుకలో ఉన్నా బాకీ పెరుగుతుంటే ఎవరు కడతారు?

కొనేవాళ్ల మీద వేస్తే గొడవ ఉండదంటారు. ఉండదు, వాళ్లు వేలం పాటలో ఆ మేరకు తగ్గించి పాడతారు, అంతే. భారం పడవదే. అందుకే డీజిలు, ఐసు ఖర్చుతో పాటే రుసుం తీసేసి, ఆ తర్వాతే యజమానికీ, పడవలో పనిచేసే కళాసీలకూ పాళ్లు పంచాలి. లేకపోతే భారమంతా పడవ యజమానికో కళాసీలకో పోతుంది.

డబ్బు ఎక్కువగా జారిపోయేది అప్పు చేపల దగ్గర. ముందే బయానా ఇచ్చిన సావుకారు రొయ్యలు, చందువలు పాటకు రానివ్వకుండా తక్కువ ధర రాయించుకుంటాడు. అలాంటి సరుక్కి ఆ రోజు పాటలో అదే రకానికి పలికిన ధర మీదే శాతం కట్టండి.

పెంచాలంటే బందు రోజుల్లో సర్వసభ్య సమావేశం పెట్టి, ఖర్చు పుస్తకం చదివి, తీర్మానం రాసి, తెలుగులోనూ ఒడియాలోనూ రేవులో అంటించండి. జూన్ 15న మొదలయ్యే వేట నుంచి అమలు చేయండి. ఏటా పెంపు అర శాతం మించనివ్వకండి. పక్క రేవులో ఎంత తీసుకుంటున్నారో కనుక్కోకుండా పెంచితే పడవలు అక్కడే సరుకు దింపుతాయి.