పనివాళ్ళ మాట చెల్లే యూనిట్ నడపడం ఎలా: రాయదుర్గం నుంచి కొన్ని సంగతులు

మీటింగు పెట్టి "మీరే చెప్పండి, ఏం చేద్దాం?" అని అడిగితే మన దగ్గర వచ్చే జవాబు ఒకటే: "నీ ఇష్టం అన్నా. నువ్వెట్లంటే అట్లే." అది విని చాలామంది ఓనర్లు వాళ్ళకే అక్కర్లేదని తేల్చేసి ఆ ఊసు మళ్ళీ ఎత్తరు. అక్కర లేక కాదు, నోరు తెరిస్తే ఏమవుతుందో వాళ్ళు ఇంకెక్కడో చూసొచ్చారు. వేరే ఊళ్ళో చేసొచ్చిన ఒక టైలరు నాతో అన్నాడు: "అక్కడా సలహాలు అడిగేటోళ్ళన్నా. చెప్పినోనికి మర్నాటి నుంచి బండిల్ లేటుగా వచ్చేది." బండిల్ అంటే కుట్టడానికిచ్చే కత్తిరించిన ముక్కల కట్ట. పీస్ రేటు మీద, అంటే కుట్టిన పీసుల లెక్కన కూలి తీసుకునేవాడికి అది లేటయిందంటే ఆ పూట కూలి పోయినట్టే. ఇక వాడు ఏ మీటింగులోనైనా ఎందుకు మాట్లాడతాడు?

నాది అనంతపురం జిల్లా రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు జాబ్ వర్కుకు, అంటే పార్టీల (ఆర్డరిచ్చే వ్యాపారుల) కోసం కూలికి కుట్టే యూనిట్. టైలర్లు, కాజా-బటన్ వేసేవాళ్ళు, ఇస్త్రీవాళ్ళు, దారాలు కత్తిరించే ఆడవాళ్ళు అంతా కలిపి ముప్పై మందికి కాస్త అటూ ఇటూ. మీది తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్ కావచ్చు, ఆదోనిలో జిన్నింగ్ మిల్లు కావచ్చు, కడపలో ప్రింటింగ్ ప్రెస్సు కావచ్చు. మిషన్లు మారతాయి గానీ ఓనరుకూ పనివాడికీ మధ్య నడిచే తంతు ఒకటే కాబట్టి ఇది మీకూ పనికొస్తుందనుకుంటున్నా.

పనివాళ్ళకేం తెలుసు, వాళ్ళ చేతికిస్తే మునిగిపోతాం అనేవాళ్ళు బెంగళూరు వెళ్ళినప్పుడు ఇండియన్ కాఫీ హౌస్‌లో కూర్చుని ఒక కాఫీ తాగి రండి. 1957 ప్రాంతంలో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లు మూసేస్తే, కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ వెన్నుదన్నుతో పనివాళ్ళే సహకార సంఘాలు పెట్టుకుని వాటిని నడిపారు. కేరళలోనే ఊరాళుంగల్ లేబర్ సొసైటీ 1925లో కూలీలు పెట్టుకున్నది, ఈరోజు పెద్ద పెద్ద రోడ్లు, వంతెనలు కడుతోంది. నేను అంత దూరం పోలేదు. యూనిట్ నాదే, అప్పు నా పేరు మీదే ఉంది. ఓనరు ఓనరుగా ఉంటూనే ఎంత పెత్తనం వదులుకోవచ్చో, ఎలా వదులుకోవాలో మాత్రమే ఇక్కడ చెబుతా.

ముందు గీత గీయండి

ఏది పూర్తిగా వాళ్ళ నిర్ణయం, ఏది కలిసి తేల్చుకోవాలి, ఏది మీ ఒక్కరిదే అన్నది మొదటి మీటింగుకు ముందే రాసి గోడకు అతికించాలి. మా గోడ మీద ఉన్నది ఇదీ. సెలవులు, టీ వేళలు, ఏ మిషన్ మీద ఎవరు, ఎండాకాలం టైమింగులు, ఫ్యాన్లు ఎక్కడ బిగించాలి అన్నవి వాళ్ళవి. కొత్త మోడల్ వస్తే ఏ కుట్టుకు ఎంత రేటు, ఓటీ (అదనపు గంటల పని) చేయాలా వద్దా, ఏ మిషన్ కొనాలి, డ్యామేజీ ఎవరి ఖాతాలో వేయాలి అన్నవి కలిసి తేల్చుకునేవి. ఏ పార్టీ దగ్గర ఆర్డరు తీసుకోవాలి, బ్యాంకు అప్పు ఎంత అన్నది నాది. అయితే తీసుకున్న రోజే కారణం చెబుతా.

వీటి కింద ఇంకో వరుస ఉంది: ఎవరు ఓటేసినా మారనివి. కనీస వేతనం, ఓటీకి రెట్టింపు కూలి, పీఎఫ్, ఈఎస్ఐ. "మాకు పీఎఫ్ కోయొద్దన్నా, చేతికే ఇయ్యి" అని అందరూ కలిసి అడిగినా కుదరదని ముందే తెలియాలి.

మొదట్లో గీత చిన్నగా గీసినా ఫరవాలేదు. సెలవులూ టీ వేళలూ వాళ్ళకు వదిలేసి మిగతావన్నీ మీ దగ్గరే పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇచ్చినదాన్ని అవసరమొచ్చిందని వెనక్కి లాక్కుంటే మాత్రం మళ్ళీ "నీ ఇష్టం అన్నా" దగ్గరికే వచ్చి పడతారు.

మొదటి నిర్ణయం మీకు కాస్త కష్టం కలిగించేదై ఉండాలి. గోడకు ఏ రంగు వేద్దాం అని అడిగితే అది ఆటని వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. మా దగ్గర ఎండాకాలం టైమింగులతో మొదలైంది. పైన సిమెంటు రేకులు, ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం మిషన్ మీద చెయ్యి పెట్టలేం. పొద్దున ఆరుకు మొదలుపెట్టి ఒంటిగంటకు దిగిపోతాం, మిగిలింది సాయంత్రం చల్లబడ్డాక చేస్తాం అన్నారు. సరుకు దించే లారీ మధ్యాహ్నమే వస్తుంది, పార్టీ ఫోన్లన్నీ ఆ వేళకే, ఆరింటికి తాళం తీయాల్సింది నేనే. నాకు ఏ మాత్రం నచ్చలేదు, అయినా సరేనన్నా. ఆ ఒక్కదాంతో తర్వాతి మీటింగులో నోళ్ళు తెరుచుకున్నాయి.

మీటింగు గంటకు కూలి కట్టండి

ఇది అందరూ మర్చిపోయే సంగతి. పీస్ రేటు మనిషిని గంటసేపు మీటింగులో కూర్చోబెట్టారంటే వాడి జేబులోంచి గంట కూలి తీసుకున్నట్టు. వాడు మాట్లాడకుండా ఎప్పుడైపోతుందా అని చూస్తుంటే తప్పెవరిది? పోయిన వారం వాడి సగటు కూలి గంటకు ఎంత పడిందో చూసి అది కట్టండి. శనివారం మాత్రం మీటింగు పెట్టకండి, బట్వాడా రోజు అందరి చూపూ డబ్బు మీదే ఉంటుంది. మేం మంగళవారం పొద్దున టీ తర్వాత కటింగ్ టేబుల్ చుట్టూ నిలబడతాం. ఆఫీసు గదిలో అయితే ఓనరుకు కుర్చీ, మిగతావాళ్ళకు గోడ. అక్కడ ఎవరికీ మాట పెగలదు.

ఓనరు చివర మాట్లాడాలి. మొదట నేను నోరు తెరిస్తే అందరూ దానికే తలూపుతారు. మొదట దారాలు కత్తిరించే ఆడవాళ్ళతో మొదలుపెట్టి, హెల్పర్లు, టైలర్లు, తర్వాత అందరికీ పని పంచే మాస్టర్, ఆఖరున నేను.

ఇక ఓటు. చేతులెత్తడం మన దగ్గర పనికిరాదు. ఒకడు మాస్టర్ దగ్గర చేబదులు తీసుకుని ఉంటాడు, ఇంకొకరు ఆయన ఊరివాళ్ళు, చుట్టాలు, ఇంకొకరికి ఆయనంటే భయం. మాస్టర్ చెయ్యి లేచిందంటే సగం చేతులు దాని వెంటే లేస్తాయి. చీటీలు రాయిద్దామంటే అందరికీ రాయడం రాదు. మేం గుండీలతో వేస్తాం. ఒక్కొక్కరికీ ఒక రాగి రంగు జీన్స్ బటన్, ఒక తెల్ల చొక్కా గుండీ ఇస్తాం. రాగిది సరే, తెల్లది వద్దు. తెర వెనక రెండు డబ్బాలు ఉంటాయి: ఒకటి ఓటుకు, ఒకటి మిగిలిన గుండీ పడేయడానికి, లేకపోతే చేతిలో మిగిలినదాన్ని బట్టి ఎటు వేశారో చెప్పేయొచ్చు. ఇంకో చిన్న విషయం, డబ్బాల అడుగున కటింగ్ పీలికలు మందంగా పరవండి. రేకు డబ్బాలో జీన్స్ బటన్ పడితే టంగుమంటుంది, చొక్కా గుండీ పడితే అంత చప్పుడు రాదు. అటు నిలబడ్డవాళ్ళందరికీ తెలిసిపోతుంది.

లెక్కలు బోర్డు మీద పెట్టండి

డబ్బు ఎటు పోతుందో తెలియని మనిషిని రేటు గురించి ఓటెయ్యమంటే ఎక్కువే అడుగుతాడు, అడగడంలో తప్పూ లేదు. బ్రెజిల్‌లో సెమ్కో అనే మిషన్ల కంపెనీని 1980 ప్రాంతంలో తండ్రి నుంచి అందుకున్న రికార్డో సెమ్లర్ పనివాళ్ళందరికీ కంపెనీ లెక్కలు తెరిచి, అవి చదవడం నేర్పించాడు. మన స్థాయికి అంత చదువు అక్కర్లేదు, నల్లబోర్డు చాలు.

తేలికగా అర్థం కావడానికి పార్టీ మనకు ఒక ప్యాంటుకు వంద రూపాయలు ఇస్తోందనుకుందాం. టైలర్లకు 58, ఇస్త్రీ, హెల్పర్లు, దారాలకు 14, దారం, సూదులకు 6, కరెంటుకు 5, బాడుగకు 5, మిషన్ల లోను కంతుకు 5. మిగిలేది 7, అది నాది. ఆ ఏడు కూడా రాయాలి. దాన్ని దాచేస్తే మిగతా లెక్కంతా ఎవరూ నమ్మరు. వాళ్ళ ఊహల్లో ఆ ఏడు ముప్పై అయి కూర్చుంటుంది.

దీనివల్ల నాకు కలిసొచ్చింది ఏమిటంటే, ఒక పార్టీ ప్యాంటుకు ఐదు రూపాయలు తగ్గించమన్నప్పుడు ఆ కబురు నేనొక్కడినే మోయాల్సిన పని లేకపోయింది. బోర్డు ముందు నిలబడి ఏ వరుసలోంచి ఆ ఐదు తీయాలో వెతికారు. ఎందులోంచీ తీయలేమని వాళ్ళే తేల్చారు, ఆ ఆర్డరు వదిలేశాం. బెల్ట్ అటాచ్ చేసేవాడికీ లూపులు కుట్టేవాడికీ రేటు తేడా ఎంతుండాలన్న దాని మీద గొడవ అయితే ఇప్పటికీ అవుతూనే ఉంటుంది. దానికి మందు: ఆ రెండు పనులూ తెలిసిన ముగ్గురు టైలర్లు పది పది పీసులు కుడతారు, పక్కన ఒకరు ఫోన్లో టైము చూస్తారు. నల్ల బట్ట మీద నల్ల దారమైతే సాయంత్రం కళ్ళు లాగుతాయని దానికి కాస్త ఎక్కువ కావాలని వాళ్ళే చెప్పారు. నాకు తట్టేది కాదు.

మాస్టర్ సంగతి

ఓనరు పెత్తనం తగ్గితే నష్టపోయేది ఓనరు కన్నా ముందు మధ్యలో ఉన్న మనిషి. ఎవరికి ఏ బండిల్ ఇవ్వాలి, ఎవరికి సెలవు అన్నది ఇన్నాళ్ళూ ఆయన చేతిలో ఉంది. అది పోయిందని అందరి ముందూ చెబితే ఆయన అడ్డం తిరుగుతాడు, తిరగాలి కూడా. మీటింగు కన్నా ముందు ఆయనతో విడిగా కూర్చోండి. జీతం తగ్గదని చెప్పండి. మార్కర్ వేసి, అంటే కత్తిరించాల్సిన ముక్కల గీతలు దగ్గర దగ్గరగా సర్ది, బట్ట మిగల్చడం, కొత్తవాళ్ళకు పని నేర్పడం లాంటి ఆయనొక్కడికే వచ్చిన పనులకు ఆయన్నే పెద్దను చేయండి. బండిల్ పంపకం మాత్రం వారానికొక టైలరు చూసుకుంటాడు.

సెలవుల పట్టీ కూడా వాళ్ళే వేస్తారు. అక్టోబరు, నవంబరుల్లో చెనక్కాయ పీకే రోజుల్లో సగం మంది చేలకు పోతారు, మొహర్రానికి గూగూడు పోయేవాళ్ళు పోతారు. ఇదంతా నేను ఆపాలని చూసినన్నాళ్ళూ చెప్పకుండా మానేసేవాళ్ళు. ఇప్పుడు ముందు జేబు కుట్టే ఇద్దరూ ఒకే వారం పోకుండా వాళ్ళలో వాళ్ళే సర్దుకుంటారు, ఎందుకంటే ముందు జేబు రాకపోతే తర్వాత వాడి మిషన్ ఖాళీ.

ఓటుకు పెట్టకూడనివి

ఒక మనిషిని పనిలోంచి తీసేయడం ఓటుకు పెట్టకండి. గుంపు కోపంలో ఉన్న రోజు న్యాయం జరగదు. ఆడవాళ్ళతో తప్పుగా ప్రవర్తించారన్న ఫిర్యాదు అసలు మీటింగులోకే రాకూడదు. పది మంది, ఆపైన ఉన్న చోట 2013 చట్టం ప్రకారం మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి, అది అక్కడే గుట్టుగా తేలాలి.

20 మంది, ఆపైన పనివాళ్ళుంటే 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఎలాగూ వేయాలి. ఓనరు వైపు ఎంతమందో పనివాళ్ళ వైపు అంతమంది, మొత్తం పదికి మించకూడదు, అధ్యక్ష స్థానం ఒక ఏడాది వీళ్ళకు, ఒక ఏడాది వాళ్ళకు. చాలా చోట్ల ఇది ఫైల్లో కాగితంగానే ఉంటుంది. దాన్నే నిజంగా నడిపితే కొత్తగా ఇంకో కమిటీ అక్కర్లేదు. మా దగ్గర డ్యామేజీ పీసులు ఆ కమిటీకే వెళ్తాయి. బట్ట రోల్‌లోనే షేడ్ తేడానా, సూది అరిగిందా, చెయ్యి జారిందా అని పీసు పట్టుకుని చూస్తారు. నిర్లక్ష్యం అని తేలినా ఆ మనిషి చెప్పేది వినకుండా కోత వేయకూడదు, జరిగిన నష్టానికి మించి కోయకూడదు. చట్టమూ అదే అంటుంది.

అడ్వాన్సుల విషయంలో నాకు ఇంకా పూర్తి తృప్తి లేదు. పాతిక వేలు, ముప్పై వేలు అడ్వాన్సు ఉన్న మనిషికి మీటింగులో ఎంత స్వేచ్ఛ ఇచ్చినా ఓనరు బాకీ గుర్తుంటుంది. ప్రస్తుతానికి చేసింది ఇంతే: అడ్వాన్సు ఎవరికెంత ఇవ్వాలన్నది నా చేతిలోంచి తీసి, నేను వేసిన మొత్తమూ వాళ్ళు వారానికి కొంత కట్టేదీ కలిపి ఒక నిధిగా చేసి, దాని పద్దు వాళ్ళు ఎన్నుకున్న ఇద్దరికి ఇచ్చా. అందులో ఒకరు దారాలు కత్తిరించే అక్క. ఎవరైనా పని మానేసి పోతే బాకీ సంగతి ఆ ఇద్దరితోనే తేల్చుకోవాలి, నాతో కాదు. మీరు మొదలుపెడితే ఈ పద్దు పుస్తకం మొదటి రోజు నుంచే విడిగా పెట్టండి, యూనిట్ ఖాతాతో కలపకండి.