సోషియాలజీ నుంచి ఉద్యోగానికి – 3వ పాఠం: డిజర్టేషన్‌ని రెజ్యూమేలో ఎలా రాయాలి?

ఎం.ఏ.లో చేసిన పనులన్నీ ఒక కాగితం మీద రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈసారి అందులోంచి డిజర్టేషన్ (చదువులో భాగంగా మీరు సొంతంగా చేసి రాసిన పరిశోధన) ఒక్కటే తీసుకుందాం.

చాలామంది రెజ్యూమేల్లో ఇలా ఉంటుంది: "డిజర్టేషన్: మహిళా సాధికారతలో డ్వాక్రా సంఘాల పాత్ర – ఒక అధ్యయనం." అంతటితో సరి. మీకేం పని వచ్చో అవతలివాళ్లకు దీన్నిబట్టి తెలియదు. ఎవరిని కలిశారు, వాళ్లను ఎలా ఎంచుకున్నారు, ఏం అడిగారు, వచ్చిన జవాబులను ఏం చేశారు? ఇవి రాయాలి. ఉదాహరణకు:

"రెండు గ్రామాల్లో 40 మంది డ్వాక్రా సభ్యులను ఇంటర్వ్యూ చేశాను. తెలుగులో ప్రశ్నావళి తయారుచేసి, ముందు ఐదుగురిని అడిగి చూసి, అర్థంకాని ప్రశ్నలు మార్చాను. జవాబులు ఎక్సెల్‌లో ఎక్కించి పట్టికలు వేశాను."

అంకెలు మీవే వేసుకోండి, పెంచొద్దు. ఎస్‌పీఎస్‌ఎస్ (సర్వే అంకెలను విశ్లేషించే సాఫ్ట్‌వేర్) క్లాసులో చూడటమే తప్ప వాడకపోతే దాని పేరు రాయొద్దు. రెజ్యూమే ఇంగ్లీషులోనే పంపాల్సి వచ్చినా ముందు తెలుగులో రాసుకోండి, చేసిన పని ఏమిటో మీకే స్పష్టంగా కనిపిస్తుంది.

"ప్రశ్నలు మార్చాను" అన్న ముక్క దగ్గర కాస్త ఆగండి. నా దృష్టిలో మీ అసలు నైపుణ్యం అక్కడే ఉంది. "మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?" అని అడిగితే, భర్త పక్కనే కూర్చున్నప్పుడు ఆమె "ఆయనే" అనేసి ఊరుకోవచ్చు. "పోయినసారి తెచ్చిన లోన్ దేనికి వాడారు? అలా వాడదామని ముందు ఎవరన్నారు?" అంటే జరిగింది బయటికొస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా వివాహిత మహిళలను వాళ్ల వైద్యం, ఇంట్లో పెద్ద కొనుగోళ్లు, పుట్టింటికో బంధువుల దగ్గరికో వెళ్లడం గురించి ఎవరు నిర్ణయిస్తారని విడివిడిగా అడుగుతుంది. ప్రశ్నను ఇలా విడగొట్టడం తెలిసినవాళ్లు స్వచ్ఛంద సంస్థలకు, మార్కెట్ రీసెర్చ్ కంపెనీలకు, ప్రభుత్వ పథకాలు ఎలా నడుస్తున్నాయో చూసే ఏజెన్సీలకు కావాలి. అందుకే ఏ ప్రశ్నను, ఎందుకు, ఎలా మార్చారో ఇంటర్వ్యూలో తడుముకోకుండా చెప్పగలగాలి.

ఇక ఉద్యోగ ప్రకటనల్లో మాటలు. "డేటా కలెక్షన్" అంటే మీ ఫీల్డ్‌వర్క్. "కమ్యూనిటీ మొబిలైజేషన్" అంటే సర్పంచ్‌తో, అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడి పదిమందిని ఒకచోట కూర్చోబెట్టడం. మీరు నిజంగా చేసినదానికి వాళ్ల మాట సరిపోతే అదే వాడండి.

అభ్యాసం: మీ డిజర్టేషన్ గురించి పైన చూపినట్టు మూడు వాక్యాలు రాయండి. సోషియాలజీ చదవని స్నేహితులకు చూపించి, "నాకేం పని వచ్చని అనిపించింది?" అని అడగండి. వాళ్ల జవాబు రాసి పెట్టుకోండి, 4వ పాఠంలో ఇంటర్వ్యూకి తయారయ్యేటప్పుడు దానితోనే మొదలుపెడదాం.