వృద్ధాశ్రమ నర్సింగ్ – నాలుగవ పాఠం: పడకపుండును పుట్టకముందే చేతితో పసిగట్టడం

మంచం పట్టిన వృద్ధులకు ఒళ్లు తుడిచి బట్టలు మార్చే పద్ధతిని గత పాఠంలో నేర్చుకున్నాము. అదే వేళలో చేయవలసిన చర్మ పరీక్ష, దానిని అనుసరించి ఒత్తిగిలి పడుకోబెట్టడం ఈ పాఠంలోని విషయాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పిల్లలు విశాఖపట్నానికో హైదరాబాదుకో చెన్నైకో బతుకుతెరువు కోసం వెళ్లిపోగా ఆశ్రమాలకు చేరుతున్న పెద్దలలో పక్షవాతం వచ్చినవారు, తుంటి ఎముక విరిగినవారు, మధుమేహం ముదిరినవారు ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి వంటి ఉద్దానం మండలాల నుంచి వచ్చేవారిలో మూత్రపిండాల జబ్బు కూడా తోడై ఉండవచ్చు. వీరందరికీ పడకపుండ్ల ముప్పు మిగిలినవారికంటే ఎక్కువ.

ఎముకకూ పరుపుకూ మధ్య కండ చాలాసేపు నలిగినప్పుడు అక్కడికి రక్తం అందక కణాలు చచ్చిపోతాయి. నష్టం చాలాసార్లు లోపల, ఎముకను ఆనుకుని మొదలవుతుంది కాబట్టి చర్మం చిట్లి పుండు కనిపించే నాటికి లోపల జరగవలసిన హాని జరిగిపోయి ఉండవచ్చు. నడుము చివరి ఎముక, పిరుదులు, తుంటి పక్కలు, మడమలు, చీలమండలు, మోచేతులు, రెక్క ఎముకలు, తల వెనుక భాగం ముఖ్యంగా చూడవలసిన చోట్లు. ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్నవారికి చెవుల వెనుక కూడా చూడాలి.

ఎవరికి ముప్పు ఎంత ఉందో లెక్కగట్టడానికి బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ రూపొందించిన బ్రేడెన్ స్కేలు 1987 నుంచి వాడుకలో ఉంది. స్పర్శ తెలియడం, చర్మపు తడి, నడక, మంచంలో కదలిక, ఆహారం, ఒరిపిడి అనే ఆరు అంశాలకు మార్కులు వేస్తే మొత్తం 6 నుంచి 23 వరకు వస్తుంది. 18 గాని అంతకు తక్కువ గాని వస్తే ముప్పు ఉన్నట్టు లెక్క. ఆశ్రమంలో చేరిన రోజునే ఈ మార్కులు వేసి, ఆరోగ్యం మారినప్పుడల్లా మళ్లీ వేయాలి.

ఇక అసలు నైపుణ్యానికి వద్దాము. పడకపుండు మొదటి దశలో చర్మం ఎర్రబడుతుందనీ, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు తెల్లబడదనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది తెల్లని చర్మానికి సరిపోయే వర్ణన. ఎండలో పొలం పనులు, చేపల వేట చేసి నల్లబడిన మన పెద్దల ఒంటి మీద ఆ ఎరుపు కోసం వెతికే నర్సుకు మొదటి దశ కనబడకుండానే దాటిపోతుంది. అందుచేత కంటికంటే ముందు చేతిని నమ్మాలి. వేళ్ల వెనుక భాగాన్ని నడుము చివరి ఎముక మీద ఆనించి, వెంటనే పక్కనున్న చర్మం మీద ఆనించి పోల్చండి. వేడిగా గాని చల్లగా గాని తేడా తెలిసినా, గట్టిపడినట్టుగా లేదా మెత్తగా ఉబ్బినట్టుగా తగిలినా, అది హెచ్చరిక. రంగులో అయితే చుట్టుపక్కల కంటే నల్లగా, ఊదాగా మారడం, చర్మం బిగిసి మెరవడం గమనించాలి. ట్యూబులైటు వెలుగు రంగులను మరుగుపరుస్తుంది కనుక కిటికీ తెరిచి పగటి వెలుగులో చూడటం మేలు. "ఈపు కింద సురుకుసురుకుమంటంది" అని మామ్మ అంటే దానిని సణుగుడుగా కొట్టిపారేయక, అప్పుడే పక్కకు తిప్పి చూడవలసిన బాధ్యత మనది. మాట పడిపోయినవారు ఆ మాటైనా అనలేరు. తిప్పినప్పుడు ముఖం చిట్లించడమే వారి ఫిర్యాదు.

తిప్పేటప్పుడు ఇద్దరు ఉండటం మంచిది. "మామ్మగారూ, మిమ్మల్ని గోడవైపుకు తిప్పుతున్నామండి" అని ముందుగా చెప్పి, తల వైపు మంచాన్ని దించి, నడుము కింద పరిచిన మడత దుప్పటిని ఇద్దరూ పట్టుకుని ఎత్తి జరపాలి. ఈడిస్తే చర్మం ఒరుసుకుపోతుంది. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది కాబట్టి సుమారు 30 డిగ్రీల వాలు చాలు. వీపు వెనుక భుజం నుంచి పిరుదు దాకా ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, మడమలు గాలిలో తేలేలా పిక్కల కింద ఒకటి అమర్చాలి. చివరగా నడుము ఎముక కింద అరచేయి పెట్టి అది పరుపుకు ఆనడం లేదని నిర్ధారించుకోవాలి. మామూలు పరుపు మీద రెండు గంటలకొకసారి తిప్పాలి, మంచి ఫోమ్ పరుపైతే చర్మం నిలకడగా ఉన్నంతవరకు నాలుగు గంటల దాకా వ్యవధి ఇవ్వవచ్చు. భోజనం వేళ తప్ప తల వైపు 30 డిగ్రీలకు మించి ఎత్తి ఉంచితే ఒళ్లు కిందికి జారి, చర్మం మాత్రం పరుపుకు అతుక్కుని లోపలి రక్తనాళాలు సాగిపోతాయి.

నల్లబడిన చోట నూనె వేసి మర్దన చేయడం మన ప్రాంతంలో ప్రేమతో చేసే పని, కానీ అప్పటికే దెబ్బతిన్న కండను అది మరింత చిదుముతుంది. నడుము కింద పెట్టే గాలి రింగు, మడమ కింద పెట్టే నీళ్లు నింపిన గ్లోవ్స్ కూడా పనికిరావు. రింగు తన అంచుల దగ్గర కొత్త ఒత్తిడిని పుట్టిస్తుంది. తీరప్రాంతపు ఉక్కలో రెక్సిన్ షీటు మీద నేరుగా పడుకోబెడితే చెమటకు చర్మం నాని మెత్తబడుతుంది కనుక పైన నూలు దుప్పటి తప్పనిసరి. మలమూత్రాలతో తడిసిన చోటును మృదువుగా కడిగి, అద్ది ఆరబెట్టి, పలుచగా జింక్ క్రీము రాయాలి.

గాలి పరుపు ఉన్న ఆశ్రమాలు ఒక సంగతి మరువకూడదు. అది విద్యుత్తుతో నడుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి సమయంలో గాలి పోయిన పరుపు కింద మంచపు బల్ల నేరుగా ఎముకకు తగులుతుంది. కరెంటు పోయిన వెంటనే ఫోమ్ పరుపుకు మార్చి, రెండు గంటల పద్ధతికి తిరిగి రావాలి.

ఆహారం విషయంలో ముప్పు ఉన్నవారికి కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు సూచిస్తారు. అంటే 45 కిలోల అమ్మకు సుమారు 56 నుంచి 67 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే కాబట్టి చోడి (రాగి) అంబలితో సరిపెట్టక పప్పు, చేప, పెరుగు కలిపి లెక్క పూర్తి చేయాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం వైద్యుని అడగకుండా ఈ లెక్కను అమలు చేయరాదు.

అభ్యాసం: మీ వార్డులో ముప్పు ఉన్న ఒకరిని ఎంచుకుని, వారం రోజులపాటు తిప్పిన సమయం, పడుకున్న వైపు, నడుము వద్దా మడమల వద్దా మీ వేళ్లకు తెలిసిన వేడిమి, గట్టిదనం ఒక పట్టికలో రాయండి. ఒక చోట తేడా కనబడితే ఆ వైపు మళ్లీ పడుకోబెట్టకుండా, అరగంట తరువాత తిరిగి చూడండి. అప్పటికీ మార్పు లేకపోతే దానిని మొదటి దశగా నమోదు చేసి, చర్మం చిట్లినా బొబ్బ లేచినా అదే రోజు వైద్యునికి తెలియజేయండి.