ఆగిపోయిన వీధి కాలువ పనిని కదిలించడం ఎలా

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ‘మా వీధి కాలువ బాగుచేయించండి’ అని మాత్రమే రాసి ఇచ్చిన అర్జీకి చాలాసార్లు ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబే వస్తుంది. పని ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలుసుకున్నాకే అర్జీ రాయాలి.

ముందుగా ఆ కాలువ ఎవరిదో తేల్చుకోండి. 2024 సెప్టెంబరులో పొంగి సింగ్ నగర్‌ను ముంచిన బుడమేరు జలవనరుల శాఖది. మన ఇళ్ల ముందున్న వీధి కాలువ నగరపాలక సంస్థది. ఈ తేడా తెలియక కార్పొరేటర్ల చుట్టూ నెలల తరబడి తిరిగేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

వీధి కాలువకు నగరపాలక సంస్థ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఖర్చు అంచనా వేస్తారు. నిధులు చూపి పరిపాలనా అనుమతి (పని చేపట్టడానికి ఆమోదం), తరవాత సాంకేతిక మంజూరు (అంచనాకు ఇంజినీర్ల ఆమోదం) తీసుకుంటారు. టెండరు పిలిచి ఒప్పందం చేసుకుంటారు. జరిగిన పనిని కొలతల పుస్తకంలో రాసి బిల్లు పెడతారు. పాత బిల్లులు రాక కాంట్రాక్టర్లు టెండరు వేయకపోతే ఏఈని నిలదీసి లాభం లేదు, చెల్లింపుల గురించి కమిషనర్‌నే అడగాలి. డబ్బు లేదంటే ఏ పద్దులో లేదో అడగండి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గుంటూరు వంటి, పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు చేయాల్సినది కాబట్టి, వాననీటి కాలువ కోసం నగరపాలక సంస్థ సాధారణ నిధి వైపు చూడడమే మేలు. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది గనుక, బడ్జెట్ సిద్ధమయ్యే శీతాకాలంలోనే కార్పొరేటర్‌కు లిఖితపూర్వకంగా ఇచ్చి, నకలుపై సంతకం తీసుకోండి.

పాలకవర్గమే లేని కాలమూ ఉంటుంది. గడువు ముగిసేలోపే ఎన్నిక జరగాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతున్నా, గుంటూరులో 2010లో పాలకవర్గం గడువు తీరాక 2021 వరకు ఎన్నిక జరగలేదు. ప్రతినిధి లేని అన్నేళ్లు ఒక నగరానికి తీరని నష్టమని నా అభిప్రాయం. అలాంటప్పుడు అర్జీ, పాలకవర్గం బదులు ప్రభుత్వం నియమించే ప్రత్యేకాధికారికి చేరాలి. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతోంది. మీ డివిజన్‌కు సంబంధించిన కమిటీలో ఎవరెవరున్నారో, ఎప్పుడు సమావేశమైందో కూడా అడగండి.

సమాచార హక్కు దరఖాస్తులో ‘ఎందుకు చేయలేదు’ అని రాయకండి, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డులనే తప్ప సంజాయిషీలను కాదు. పని పేరు, అంచనా ప్రతి, మంజూరు తేదీ, టెండరు ఫలితం, కొలతల పుస్తకం నకలు కావాలని విడివిడిగా కోరండి. 2005 నాటి ఆ చట్టం ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఉంది. పది రూపాయల రుసుముతో ఇచ్చిన దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే, మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.